గాలి శాఖ, మూడో కిటికీ

మా అమ్మాయి నాలుగేళ్ళు కూర్చుని ఒక గ్రహాన్ని తయారుచేసింది. ఆ ఆకాశంలో ఇద్దరు సూర్యులు. కింద పగలు గట్టిపడి, చీకటి పడగానే కరిగిపోయే సముద్రం. దాని మీద తిరిగే చక్రాల ఓడలు. మనుషులు మాత్రం గాలి నింపిన పెద్ద గాజు గుమ్మటం లోపల కాపురముంటారు.

ఇది కథల పుస్తకం కాదు, ఆట పుస్తకం. నలుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు లోకాన్ని వర్ణిస్తూ పోతే, మిగతావాళ్ళు అందులో తలొక మనిషి అయిపోయి తామేం చేస్తారో చెబుతుంటారు. అనుకున్న పని అయిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. వర్ణించేవాళ్ళకి కావలసిన లోకమంతా ఆ పుస్తకంలో ఉంటుంది.

"నాన్నా, గుమ్మటంలో ఒక ప్రభుత్వం ఉండాలి కదా. రెండు పేజీలు రాసిపెట్టవూ" అని అడిగింది.

నీటి సరఫరా కార్యాలయంలో కొత్త కనెక్షన్ల విభాగంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసినవాణ్ణి. వాళ్ళమ్మ పోయాక రెండేళ్ళుగా కలం ముట్టలేదు. ఆ సంగతి చూసే అడిగిందని నాకు ఆలస్యంగా తట్టింది.

రెండు పేజీలు అడిగితే నలభై ఆరు రాశాను. ఊరికే వస్తే ఊపిరికి విలువుండదు కనక గాలి శాఖ అని ఒకటి పెట్టాను. గుమ్మటం తలుపు దాటాలంటే సంచార శ్వాస అనుమతి కావాలి. దానికి బతికున్నట్టు ధ్రువపత్రం జతపరచాలి. మనిషి ఎదురుగా వచ్చి నిలబడినంత మాత్రాన బతికున్నట్టు కాదు. ఇద్దరు సాక్షులు కావాలి, ఆ సాక్షులు బతికున్నట్టు వాళ్ళకీ పత్రాలుండాలి. ఇవన్నీ తీసుకుని మూడో కిటికీకి వెళితే అక్కడ ఒక గుమాస్తా. బతిమాలితే కరగడు, బెదిరిస్తే బెదరడు, నెట్టేస్తే ఆ కుర్చీలోకి అచ్చం అలాంటివాడే ఇంకొకడొస్తాడు. రాస్తున్న ఆ నెల రోజులూ పక్కనున్న కాఫీ చల్లారిపోయిన సంగతి కూడా నాకు తెలిసేది కాదు.

అమ్మాయి చదివి, "బాగుంది నాన్నా" అంది. ఒక్క పేజీ తీయలేదు. అనుమానం రావలసింది. రాలేదు. పొగిడితే నిజమేననుకోవడం అందరికీ ఉన్న జబ్బే.

పుస్తకం తీసుకెళ్ళి చూపిస్తే ప్రచురణకర్త ఒక షరతు పెట్టాడు. "ఆదివారం పొద్దున మా పాత ఆటగాళ్ళిద్దరితో ఆడిచూస్తానమ్మా. పన్నెండింటికి లేచిపోతామన్నారా, పుస్తకం లేదు. ఇంకాసేపు ఆడదామన్నారా, అచ్చుకిస్తాను."

ఆయన ఆఫీసంటే పుస్తకాల కట్టల మధ్య మిగిలిన జాగా. ఆటగాళ్ళలో ఒకావిడ పళ్ళ డాక్టరు, ఇంకొకాయన లిఫ్టు మెకానిక్. మూడో ఆటగాడిగా ప్రచురణకర్తే కూర్చున్నాడు. లోకాన్ని వర్ణించడం అమ్మాయి వంతు. గుమాస్తా మాటలు నాకే బాగా వస్తాయని నన్నూ కూర్చోబెట్టింది.

"ముగ్గురం తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోతాం" అంది డాక్టరమ్మ.

"అనుమతి ఉందా అండీ?" అన్నాను.

"తలుపు బద్దలుకొడతాం" అన్నాడు మెకానిక్.

"బద్దలుకొట్టడానికి నాలుగో కిటికీ. ఆయన ఇవాళ సెలవు."

"మీ మొహం చూస్తే పన్ను నొప్పిలా ఉంది. ఉచితంగా చూస్తాను, వదిలెయ్యండి" అంది డాక్టరమ్మ.

"ఇది పనివేళమ్మా. నొప్పి అయిదు దాటాకే."

మెకానిక్ బల్ల మీద చరిచి నవ్వాడు. అంతరిక్ష నౌక కెప్టెన్‌గా కూర్చున్న ప్రచురణకర్త కాసేపు గడ్డం గోక్కుని, "నేను కెప్టెన్ మానేస్తున్నా. మీ శాఖలో ఖాళీలున్నాయా?" అని అడిగాడు. రెండో కిటికీ ఇచ్చాను. మనిషి వెలిగిపోయాడు.

"పత్రం మీది ఈ ఫొటోలో మీరు పక్కకి చూస్తున్నారు డాక్టరమ్మా, పనికిరాదు" అన్నాడు కుర్చీలో సర్దుకుంటూ.

"పక్కకి చూస్తే బతికిలేనట్టా?"

"పూర్తిగా ఉన్నట్టు కాదు."

మరో పావుగంటకి మెకానిక్ కూడా వరస లోంచి తప్పుకుని తనిఖీ అధికారి అయిపోయాడు. గ్రహాలు జయించడానికి వచ్చినవాళ్ళు చిన్న కిటికీ, పెద్ద ముద్ర దొరికేసరికి గ్రహాల సంగతే మరిచిపోయారు. వరసలో డాక్టరమ్మ ఒక్కతే మిగిలింది. పదకొండున్నర దాటినా గుమ్మటం బయట ఎవరూ కాలు పెట్టలేదు.

"అమ్మాయ్, పుస్తకం ఖాయం" అన్నాడు ప్రచురణకర్త కళ్ళు తుడుచుకుంటూ. "కాకపోతే ఈ గాలి శాఖే పుస్తకం. మిగతాదంతా తీసేద్దాం. సూర్యుళ్ళూ సముద్రాలూ అందరి పుస్తకాల్లోనూ ఉంటాయి. ఇది ఎవరికుంది చెప్పు?"

"అలాగేనండీ" అంది మా అమ్మాయి.

నవ్వుతూనే అంది. అంటూ తన సముద్రం పటాన్ని నాలుగు మడతలు పెట్టింది. నాలుగేళ్ళుగా మడతపడకుండా గొట్టంలో చుట్టి దాచుకున్న పటం అది. నా తెలివి పిల్ల కష్టాన్ని మింగేస్తోందని అప్పటికిగాని కనిపించలేదు నాకు.

ఏం చెయ్యాలో తోచక గుమాస్తా కాగితాలు సర్దుతున్నాను. ఆసుపత్రి గేటు దగ్గరి కాపలాదారు గుర్తొచ్చాడు. మా ఆవిడ అక్కడున్న రోజుల్లో ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి చూసే వేళ దాటిపోయింది. అతను రిజిస్టరు మూసేసి, "నా వాచీ ఆగిపోయిందండీ, టైమెంతయిందో తెలీదు. వెళ్ళండి" అన్నాడు. వాచీ ముల్లు తిరుగుతూనే ఉంది. అలాంటి మనిషి నా నలభై ఆరు పేజీల్లో ఎక్కడా లేడు. ఉద్యోగంలో నేనూ ఒకటి రెండుసార్లు అలాంటి పని చేసినవాణ్ణే. నిబంధనల్లో లేదు కదా అని రాయలేదు.

"ఇంకా పన్నెండు కాలేదండీ" అన్నాను. "డాక్టరమ్మగారూ, కాగితాలు ఇలా ఇవ్వండి."

"రెండో సాక్షి సంతకం లేదుగా?"

"కళ్ళజోడు తెచ్చుకోలేదమ్మా. ఉన్నట్టే కనిపిస్తోంది. తలుపు మీకు ఎడమ పక్క."

"ఇది నిబంధనలకి విరుద్ధం" అని లేచాడు తనిఖీ అధికారి.

"ఫిర్యాదు రాసివ్వండి. మూడో కిటికీలోనే తీసుకుంటాం."

"పాచిక వెయ్యాలి కదా" అన్నాడు ప్రచురణకర్త.

"దీనికి పాచిక ఉండదండీ."

డాక్టరమ్మ అమ్మాయి వైపు తిరిగింది. "బయటికొచ్చాను. ఏం కనిపిస్తోంది నాకు?"

అమ్మాయి పటం విప్పి అరచేత్తో సాపుచేసింది. "ముందు మీ అడుగుల చప్పుడే వినిపిస్తుంది. కాళ్ళ కింద ఉన్నది సముద్రం, రాయిలా ఉంది. దూరంగా ఓడ ఒకటి చక్రాలు విరిగి ఒరిగిపోయి ఉంది. మీరు దాని వైపు నడుస్తుంటే, గట్టి నీళ్ళ లోపల ఒక నీడ మీతో సమానంగా కదులుతోంది. మీరు ఆగితే అదీ ఆగుతోంది."

"ఏమిటది?" అన్నాడు ప్రచురణకర్త.

"మీరు లోపలున్నారు. మీకు కనపడదు" అంది డాక్టరమ్మ.

ఆయన రెండు నిమిషాలు ఓర్చుకున్నాడు. "నేను రాజీనామా చేస్తున్నా."

"ఆమోదం కావొద్దూ?" అన్నాడు మెకానిక్.

"ఆమోదించాం, వెళ్ళండి" అన్నాను. "మీరు కూడానండీ, తనిఖీ అధికారిగారూ. ఇక్కడ నేను చూసుకుంటాను."

పన్నెండున్నరకి డాక్టరమ్మ ఫోను తీసి, రావలసిన రోగిని మూడింటికి రమ్మంది. ప్రచురణకర్త గడియారం చూడలేదు. "మొత్తం అచ్చేస్తానమ్మా, సూర్యుళ్ళతో సహా. ముందు ఆ నీడ సంగతి చెప్పు" అన్నాడు. నేను మూలకి జరిగి, నా అధ్యాయం ఒళ్ళో పెట్టుకుని పేజీలు కొట్టేయడం మొదలుపెట్టాను. కొట్టేస్తుంటే హాయిగానే ఉంది.

"రెండో సూర్యుడు కూడా దిగిపోతున్నాడు" అంటోంది అమ్మాయి. "మీరింకా ఓడని చేరలేదు. కాళ్ళ కింద ఏదో మెత్తగా తగులుతోంది."

లిఫ్టు మెకానిక్ చెప్పులు వదిలేసి, మెల్లిగా రెండు కాళ్ళూ కుర్చీ మీదికి లాక్కున్నాడు.