మార్కెట్ స్టాపులో తెరిచిన తలుపు

డిపోలో అందరూ అతన్ని సైలెన్సరు అంటారు. అతని నోట్లోంచి మాట రావాలంటే ముందు టీ పడాలి, టీ పడ్డాక కూడా వచ్చేది ఒక్క ముక్కే. అలాంటి మనిషి డిపోలో ఏడాదికోసారి మాత్రం గొంతు విప్పేవాడు. స్వాతంత్ర్య దినోత్సవం నాడు డిపో ఆవరణలో జెండా ఎగరేసేది అందరికంటే సీనియర్ డ్రైవరు. కొన్నేళ్ళుగా ఆ సీనియర్ అతనే. ఆ రోజు యూనిఫాం ఇస్త్రీ భార్యకు కూడా అప్పగించకుండా తనే చేసుకుని, జాతీయ గీతం మొదటి నుంచి చివరిదాకా కళ్ళు మూసుకుని పాడేవాడు. ఆదివారం చర్చిలో ఏలికల కోసం ప్రార్థన చేసే వంతు కూడా అతనిదే. మమ్మల్ని పాలించేవాళ్ళకు సత్యం పలికే నోరు ఇవ్వమని వారం వారం దేవుణ్ణి అడిగేవాడు. దేశాన్నీ దేవుణ్ణీ బస్సునీ ఒకే వేగంతో, ఎవరికీ తగలకుండా నడుపుకొచ్చిన మనిషి.

అతని అక్క అలా కాదు. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది గాని, ఆవిడ నోరు మాత్రం ఇంకా రిటైరవలేదు. అక్కడి ప్రసూతి వార్డు మూసేస్తున్నారని తెలిసిన రోజు నుంచి ఆవిడకు ఇంట్లో కాలు నిలవలేదు. పాస్టరుగారిని కదిలించింది, సంఘాన్ని కదిలించింది, చివరికి తమ్ముడి దగ్గరికొచ్చి ఆసుపత్రి గేటు ముందు కూర్చుందాం రమ్మంది. యూనిఫాం వేసుకునేవాణ్ణి, రోడ్డు మీద కూర్చోవడం నా వల్ల కాదు, పైవాళ్ళ కోసం ప్రార్థన చేస్తూనే ఉన్నానుగా అని అతను నసిగాడు.

"ఒరేయ్, వాళ్ళ గురించి దేవుడికి చెప్తున్నావు, బాగానే ఉంది. మరి వాళ్ళకెవరు చెప్తారు?" అంది అక్క.

ఆ తర్వాత చర్చిలో ఎదురుపడినా ఇద్దరూ పలకరించుకోలేదు.

ఆసుపత్రి ముందు ధర్నాను పోలీసులు ఎత్తేసిన రోజు అతనికి ఉదయం డ్యూటీ అయిపోయింది. తర్వాత రావాల్సినవాడు రాకపోవడంతో రెండోది కూడా నెత్తిన పడింది. కళ్ళు మండుతున్నాయి, నడుం పట్టేసింది. అరెస్టు చేసినవాళ్ళను తరలించడానికి బస్సు కావాలని పోలీసులు అడిగేసరికి, డిపోలో చేతికి దొరికింది అతనే. తీరా ఆసుపత్రి గేటు దగ్గర ఆపి చూస్తే, ఎక్కుతున్నవాళ్ళలో సగం మంది ఆదివారం తన ప్రార్థనకు ఆమెన్ అనేవాళ్ళే. పాస్టరుగారు అలవాటు కొద్దీ వందనాలు చెప్పి మరీ ఎక్కారు. అక్క అతని వంక చూడకుండా వెళ్ళి కిటికీ పక్కన కూలబడింది. కాపలాకు ఒకే ఒక్క కానిస్టేబులు, వాడూ నిద్ర మొహంతోనే ఉన్నాడు.

ముందు పోలీసు జీపు, వెనక బస్సు. అరెస్టయినవాళ్ళను ఉంచే పోలీసు మైదానానికి వెళ్ళే దారి సగం దాకా అతని రోజువారీ రూటే. లోపల పాట ఎత్తుకున్నారు గాని, పొద్దుట్నుంచి ఎండలో కూర్చున్న గొంతులు కదా, రెండో చరణానికే నీరసపడ్డాయి. ఆ తర్వాత ఇంజిను మోత తప్ప ఏమీ లేదు. ఏ సాయంత్రమైనా బస్సులో మనుషులు అలాగే తలలు వాల్చేసి కూర్చుంటారు. మార్కెట్ స్టాపు రాగానే అతని కాలు బ్రేకు మీద పడింది, చేయి తలుపు మీట లాగింది. ఏళ్ళ తరబడి అక్కడ ఆపిన ఒళ్ళు అది, అతన్ని అడగలేదు.

రెండు తలుపులూ బార్లా తెరుచుకున్నాయి. జీపు చూసుకోకుండా వెళ్ళిపోయింది. ఒక్కరూ దిగలేదు సరికదా, సంచి పట్టుకుని ఒక ముసలాయన ఎక్కి, బస్సు స్టేషనుకు వెళ్తుందా అని అడిగాడు. ఇది అరెస్టు బస్సు పెద్దాయనా అని కానిస్టేబులు బతిమాలి దించాడు. సంచి అందించడానికి తనూ కిందికి దిగాడు.

సైలెన్సరుకు అప్పటికే తప్పు తెలిసింది. మీట మీద చేయి ఉంది, నొక్కితే మూసుకుపోతుంది. కానీ అద్దంలో అక్క కనిపించింది. కిటికీకి తల ఆనించి, వాచిపోయిన కాళ్ళను చెప్పుల్లోంచి బయటికి తీసి పెట్టుకుంది. ఈ వయసులో ఈవిడను రాత్రంతా నేల మీద కూర్చోబెడతారు. దిగిపో అక్కా, అనుకున్నాడు. అందరూ దిగిపోండి, మార్కెట్ జనంలో కలిసిపోండి. మీట పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

అక్క అద్దంలోకి చూసింది.

"తలుపు వెయ్యరా. దొంగల్లా దిగిపోవడానికి మేం ఎక్కలేదు."

కానిస్టేబులు ఎక్కాక అతను తలుపు వేశాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

స్టాపులో ఎవడో ఫోనులో వీడియో తీశాడు. ఇంకేముంది, సగం ఊరికి అతను వీరుడు, సగం ఊరికి దేశద్రోహి. డిపో గోడ మీద ఆ రెండో మాట రంగుతో రాశారు. చర్చి కుర్రాళ్ళు సన్మానం చేస్తామని ఇంటికొస్తే స్నానాల గదిలో దాక్కున్నాడు. అరెస్టయినవాళ్ళను మర్నాడు వదిలేశారు. వార్డు మాత్రం అనుకున్న రోజుకే మూతపడింది. ఆదివారం ప్రార్థనలో సత్యం పలికే నోరు అన్న చోటికి వచ్చేసరికి అతనికి నోరు పెగల్లేదు. భార్య దగ్గి గుర్తుచేసినా లాభం లేకపోయింది. మిగతాది పాస్టరుగారే పూర్తిచేశారు.

డిపో మేనేజరు అతనికంటే చిన్నవాడు, మంచివాడు. విచారణకు పిలిచి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడాడు. ఎవరూ పారిపోలేదు కాబట్టి అలవాటులో పొరపాటున తెరిచానని ఒక్క మాట చెబితే ఇక్కడితో వదిలేస్తామన్నాడు. కావాలని చేశాడని తేలితే మాత్రం ఉద్యోగం ఉండదన్నాడు. పొరపాటన్నది నిజమే కదా అని కూడా అన్నాడు.

నిజమే. అదే అతని ప్రాణానికొచ్చింది. అబద్ధం చెప్పమంటే చెప్పనని లేచిపోవచ్చు. ఇక్కడ సగం నిజం చెప్పి మిగతా సగం మింగేస్తే చాలు. మాటలు మింగడంలో అతన్ని మించినవాడు డిపోలోనే లేడు.

"తెరవడం పొరపాటే సార్," అన్నాడు.

మేనేజరు హమ్మయ్య అనుకుని పెన్ను తీశాడు.

"మూయకపోవడం మాత్రం కాదు. దిగిపోతారేమోనని ఆగాను."

మేనేజరు పెన్ను కింద పెట్టి, రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. ఆ రెండోది నేను అడగలేదు కదండీ అని గొణిగాడు.

బయట వరండాలో బల్ల మీద అక్క కూర్చుని ఉంది. ఏం చెప్పావని అడిగింది. జరిగినదంతా చెప్పాడు. ఆవిడ మొహం ముడుచుకుపోయింది.

"వెర్రి నాయనా, ఒక్క మాట మింగితే బయటపడేవాడివి కదరా. ఉద్యోగం పోగొట్టుకుంటావా?" అంటూ ఏడ్చింది.

అతను పక్కన కూర్చున్నాడు. చాలా అలసిపోయి ఉన్నాడు.

"నువ్వు మాత్రం దిగావా అక్కా?" అన్నాడు.