గజానికి జానెడు

తెల్లారేసరికి ఆకాశం సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది. ఎటు చూసినా మబ్బు తునక లేదు. ఎనభై అయిదో సంవత్సరం ఎండలకు మా బావి అడుగంటింది. అడుగునున్న రాతిని పేల్చి లోతు చెయ్యాలి.

పోయిన వేసవిలో పక్క చేలో బావి తవ్వుతుంటే కొబ్బరి మోకు ఒక్క కుదుపుకు తెగి మనిషి నడుం విరిగింది. అందుకని గురజాలలో పంక్చర్ల కొట్టు నడిపే మౌలాలీ కొత్త మోకు చేసి తెచ్చాడు. మేక మెడ వెనక పసుపుపచ్చ నరాన్ని చూసి చేశానన్నాడు. లాగితే అది సాగుతుంది. కొంత సాగాక లోపలి తెల్లపోగులు బిగుసుకుని ఇక కదలదు. అట్లాగే సైకిల్ ట్యూబు పేలికల మీద నైలాను దారాలు వంకర్లుగా, వదులుగా పరిచి సొల్యూషన్‌తో అంటించాడు. గజం ముక్కకు రాళ్ళబస్తా కట్టి పైనుంచి వదిలి చూపించాడు. జానెడు సాగి ఆగింది. తెగలేదు.

"మేకను నమ్మి దిగుతున్నా మౌలాలీ," అన్నాడు మా తమ్ముడు పున్నారావు, మోకు నడుముకు బిగించుకుంటూ.

"ఏ మేకకన్నా మేస్తా మేస్తా మెడ ఊడటం చూశావా బావా? దిగు."

కప్పీ మీదుగా నలుగురం దించాం. వాడు అడుగున కాళ్ళు మోపి, రాతి బెజ్జాల్లో దట్టించిన తూటాల వత్తులన్నీ ముట్టించి, లాగమని కేకేశాడు.

లాగాం. మోకు చేతుల్లోకి వస్తోంది. మేం వెనక్కి నడుస్తున్నాం.

"ఏందన్నా, లాగరే?" కిందనుంచి పున్నారావు గొంతు.

"లాగతానే ఉన్నాంరా."

ఒడ్డున వంగి చూస్తున్న మౌలాలీ మొహం పాలిపోయింది. "కాళ్ళింకా నేలమీదే ఉన్నాయి," అన్నాడు.

అప్పుడర్థమైంది. గజానికి జానెడైతే బావి లోతంతటికీ ఎంతని మాలో ఒక్కరం ఆలోచించలేదు. సాగినంతా సాగితే గాని మనిషి లేవడు. వత్తులు బుసకొట్టడం పైకి వినిపిస్తోంది. నా అరచేతుల్లో చెమటకు మోకు జారుతోంది. వెనక్కి అడుగేస్తే చేనిగట్టు వీపుకు తగిలింది. నడవటానికి ఇక చోటు లేదు.

మౌలాలీ ఉరికొచ్చి మోకు పట్టాడు. అయిదుగురం నేలకు కాళ్ళు తన్నిపెట్టి, చేతులు మార్చుకుంటూ గుంజాం. ఉన్నట్టుండి మోకు ఇనపకడ్డీలా బిగిసింది. పున్నారావు గోడలకు కొట్టుకుంటూ లేచాడు. వాణ్ణి ఒడ్డుమీదికి ఈడ్చి పడేశామో లేదో, నేల అదిరింది. రాళ్ళు మా చుట్టూ పడ్డాయి.

నా భార్య ధనమ్మ అన్నం గంప తెచ్చేసరికి ఇంకా దుమ్ము అణగలేదు. మౌలాలీ సైకిలెక్కబోయాడు.

"కూచో. తిని పోదువు," అన్నాడు పున్నారావు. వాడి మోచేతుల నిండా నెత్తురు.

జొన్నన్నం, గోంగూర. అడుగున ఇంకా రాయే ఉంది. రేపు మళ్ళీ ఎవరో ఒకరు దిగాలి. తలలు వంచుకుని తిన్నాం.