కత్తెర మేకుకి నీలం మూత

పొద్దున్న ఆరింటికే ఆయన బనీనుతో వంటింటి గుమ్మం పక్కన నిలబడి, గోడ మీది చెక్కని పరీక్షగా చూస్తున్నాడు. రోజూ చూస్తాడు. షెడ్డుకి బయల్దేరే ముందు ఇంట్లో ఏ వస్తువు ఎవరి దగ్గరుందో తేల్చుకోకపోతే ఆయనకి టీ గొంతు దిగదు. అది విరిగిన మంచం తాలూకు చెక్క. దానికి తెల్లరంగు పూసి, మేకులు కొట్టి, ఒక్కో మేకు కింద ఒక్కో వస్తువు ఆకారం నల్లరంగుతో గీశాడు. తాళంచెవుల గుత్తి, టార్చిలైటు, సుత్తి, పెద్ద దువ్వెన, గొడుగు, కత్తెర. వస్తువు మేకు మీద ఉంటే గీత కనపడదు. లేకపోతే ఆ ఖాళీ ఆకారం పన్ను ఊడిన నోరులా చూసేవాళ్ళని వెక్కిరిస్తుంది.

ఈ రోజు కత్తెర చోటు ఖాళీగా ఉంది. మేకుకి మూత కూడా లేదు.

ఆ మూతల సంగతి చెప్పాలంటే షెడ్డు సంగతి చెప్పాలి. బస్సులు బాగుచేసే షెడ్డులో పనిముట్ల గది ఆయనది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకటే గది, ఒకటే కిటికీ, ఒకటే స్టూలు. మెకానిక్కు కిటికీ దగ్గరకొచ్చి పానా అడిగితే, ముందు తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఇవ్వాలి. ఆయన పానా ఇచ్చి, దాని మేకుకి ఆ బిళ్ళ తగిలిస్తాడు. పానా తిరిగొస్తే బిళ్ళ తిరిగి చేతికొస్తుంది. బిళ్ళ లేందే కన్నకొడుకు అడిగినా సుత్తి ఇవ్వడని షెడ్డులో పేరు. "రెండు నిమిషాలే మామా, ఇప్పుడే తెచ్చేస్తా" అని బతిమాలిన వాళ్ళందరికీ ఆయన ఒకటే జవాబు చెప్తాడు: "రెండు నిమిషాలకైనా బిళ్ళే, రెండేళ్ళకైనా బిళ్ళే." అందుకని ఆయన అసలు పేరు ఎవరికీ పట్టలేదు. బిళ్ళల మామ అంటారు.

ఇంట్లో ఆరుగురు. ఆయన, భార్య, వ్యాను తోలే కొడుకు, ఆసుపత్రిలో చీటీలు రాసే కోడలు, బడికెళ్ళే ఇద్దరు మనవరాళ్ళు. రెండు గదులు, ఒక వంటిల్లు. పొద్దున్న ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఆ ఇంట్లో ఎవరూ కాలు కింద పెట్టి నడవరు, పరుగే. ఒకరి సాక్సు, ఇంకొకరి దువ్వెన, వ్యాను తాళంచెవి, అన్నీ ఆ వేళకే మాయమవుతాయి. "ఎవరు తీశారు" అన్న మాటతో మొదలై, "ఈ ఇంట్లో ఏదీ చోటున ఉండదు" దగ్గరికొచ్చి, చివరికి అత్తా కోడలూ మొహాలు ముడుచుకోవడంతో ముగుస్తుంది. వేరే ఇల్లు చూసుకుంటామని కొడుకు తండ్రి చెవిన వేసి నాలుగు నెలలైంది.

ఆ మాట విన్నప్పటి నుంచి ఆయనకి కంటి మీద కునుకు లేదు. మనవరాళ్ళు లేని ఇంట్లో తానూ భార్యా ఎదురెదురుగా కూర్చుని టీ తాగడం ఊహించుకుంటేనే గుండె జారిపోయేది. అయితే ఆయన బుర్ర షెడ్డు బుర్ర. ఆయన దృష్టిలో ఇంట్లో మనుషులందరూ మంచివాళ్ళే, వస్తువులే దారితప్పిన వెధవలు. వాటిని దారిలో పెడితే గొడవలన్నీ వాటంతటవే సర్దుకుంటాయని గట్టిగా నమ్మాడు.

పైసా ఖర్చు లేకుండా పని మొదలుపెట్టాడు. చిరిగిన పాత ప్యాంట్ల జేబులు కోసి, ఒక దుప్పటి ముక్క మీద వరసగా కుట్టి తలుపు వెనక వేలాడదీశాడు. ఒక్కో జేబులో ఒక్కొక్కరి దువ్వెన, రుమాలు, రిబ్బన్లు. నూనె డబ్బాల మూతి కోసి, అంచులు ఆకురాయితో అరగదీసి గరిటెలకీ పెన్సిళ్ళకీ ఇచ్చాడు. పళ్ళ పెట్టెలు అడ్డంగా పేర్చి చెప్పుల అర చేశాడు. పాత సైకిల్ ట్యూబుని ఉంగరాల్లా కోసి, ఏ రోజుకి ఆ రోజు పుస్తకాలు కట్టలు కట్టి ఇచ్చాడు. చిన్న మనవరాలు ఆ ఉంగరాలు చేతికి గాజుల్లా వేసుకుని బడంతా తిరిగొచ్చింది.

అన్నిటికీ మించి మూతలు. ప్లాస్టిక్ సీసాల మూతలకి బెజ్జం పెట్టి, దారం కట్టి, ఒక్కొక్కరికి మూడేసి పంచాడు. ఆయనవి నీలం, భార్యవి ఎరుపు, కొడుకువి ఆకుపచ్చ, కోడలివి పసుపు, పిల్లలవి తెలుపూ నారింజా. ఏ వస్తువు తీసినా దాని మేకుకి తమ మూత తగిలించాలి. పిల్లలకది ఆటయింది. కొడుకు నవ్వుకుంటూనే ఒప్పుకున్నాడు. కోడలు మొదట ఇదేం షెడ్డా అని గొణిగినా, వారం తిరిగేసరికి ఆవిడే అందరికన్నా నిక్కచ్చిగా తగిలించసాగింది.

ఒక్క భార్య మాత్రం వినలేదు. "నా ఇంట్లో నా కత్తెర తీసుకోడానికి నేను బిళ్ళ పెట్టాలా? నేనేమన్నా మీ మెకానిక్కునా?" అని ఎర్రమూతలు మూడూ పోపుల డబ్బా వెనకాల పారేసింది. ఆవిడకి పాలపాకెట్టు కోసి, కత్తెరని ఎక్కడ పడితే అక్కడ పెట్టేసే అలవాటు. ఒకసారి ఫ్రిజ్ మీద, ఒకసారి కిటికీలో, ఇంకోసారి పిండి డబ్బాలో దొరికింది. పిండి డబ్బా కథ చుట్టాలందరికీ తెలుసు.

అందుకే ఈ పొద్దున్న కత్తెర లేదనగానే, పెద్ద మనవరాలు చార్టు కాగితం పట్టుకుని ఏడుపు మొహం పెట్టగానే, ఎవరూ ఏమీ అనకుండానే అందరూ ఒకేవైపు చూశారు.

"నేను తియ్యలేదు. ఇవాళ పాకెట్టు పళ్ళతో చింపాను, కావాలంటే చూసుకోండి" అంది ఆవిడ.

ఎవరూ చూడలేదు. కోడలు పెదవి విరిచి కూతురి చేతిలోంచి కాగితం లాక్కుని, అంచు మడిచి చాకుతో కోయబోయింది. చార్టు వంకరగా చిరిగింది. పిల్ల బావురుమంది. అప్పుడు ఆయన అన్నాడు, మెత్తగానే అన్నాడు గాని అందరి ముందూ అన్నాడు:

"ఒక్కసారి గుర్తు తెచ్చుకోవోయ్."

ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆయన ఆవిడ మాట నమ్మకపోవడం అదే మొదలు. ఆవిడ ఆయన్ని ఒక్క క్షణం చూసి, కొంగు దులుపుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. కోడలు చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, తను సెలవు పెట్టానని, ఇల్లుగలాయన సాయంత్రం అయిదింటికి రమ్మన్నాడని, ఈసారి చూసి ఖాయం చేసుకునే వస్తామని మొగుడితో చెప్పింది. మెల్లగా చెప్పినట్టే చెప్పింది, ఇంట్లో అందరికీ వినపడింది. రోజూ క్యారియర్ కట్టి చేతికందించే భార్య ఈ రోజు బల్ల మీద పెట్టి పక్కకి తిరిగింది. ఆయన దాన్ని సంచిలో పెట్టుకుని గడప దాటాడు.

షెడ్డు దాకా నడక పావుగంట. ఈ మధ్య అది అరగంట అవుతోంది. వంతెన మెట్ల దగ్గర ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. ఎడమ భుజం లాగుతుంటే సంచి కుడిచేతికి మార్చుకుని, సంచి బరువనుకున్నాడు.

పనిముట్ల గదిలో నూనె వాసన, గ్రీజు వాసన, ఇనుము చల్లదనం. గోడ నిండా వరసలు వరసలుగా పానాలు, సుత్తులు, పట్టకార్లు, వాటి వెనక ఆయన గీసిన నల్లగీతలు. తన చెయ్యి పడని గీత అక్కడ ఒక్కటీ లేదు. వేళ్ళ సందుల్లో ఇరుక్కున్న నలుపు ఏ సబ్బుకీ వదిలేది కాదు. గోళ్ళు పొట్టిగా, చదునుగా, అరిగిపోయిన ఉలుల్లా ఉండేవి. వంగి వంగి కిటికీలోంచి మాట్లాడడం వల్ల మెడ కాస్త ముందుకి సాగింది. చెప్పుకోదగ్గ బహుమతి ఆయనకెప్పుడూ రాలేదు. చెప్పుకోదగ్గ మాట కూడా ఎవరిచేతా పడలేదు. ఆ గదిలోంచి ఒక్క పానా పోలేదు, అంతే ఆయన చరిత్ర.

పొద్దుటి పని పన్నెండు దాకా తెమల్లేదు. బ్రేకుల బస్సులు నాలుగు ఒక్కసారే వచ్చాయి. పొడుగు మెకానిక్కు చేతిలో బిళ్ళ లేకుండా వచ్చి, రెండు నిమిషాలే మామా అన్నాడు. ఆయన మామూలు జవాబు చెప్పకుండా కిటికీలోంచి చెయ్యి చాచి ఊరుకున్నాడు. మామకి ఏదో అయిందని పొడుగువాడు గొణుక్కుంటూ బిళ్ళ తేవడానికి వెళ్ళాడు.

ఒంటిగంటకి భోజనానికి సంచి విప్పాడు. క్యారియర్ పైకి తీస్తే కింద సైకిల్ ట్యూబు చుట్ట ఉంది, ఉంగరాలు కోయగా మిగిలింది. షెడ్డులో దేనికన్నా పనికొస్తుందని నిన్న సాయంత్రం తనే కుక్కాడు. ట్యూబు బల్ల మీద పెడితే ఠంగుమంది. మడత విప్పాడు. లోపల కత్తెర ఉంది.

ఆయన చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. నిన్న సాయంత్రం సంగతంతా కళ్ళముందుకొచ్చింది. చెక్క కిందే నేల మీద చతికిలబడి ట్యూబు కోశాడు. లేచి మూత తగిలించాలంటే మోకాళ్ళు సహకరించలేదు. రెండు నిమిషాలే కదా అనుకున్నాడు. సరిగ్గా ఆ మాటే అనుకున్నాడు. పెద్దపిల్ల లెక్క చెప్పమని పిలిస్తే కత్తెరనీ ట్యూబునీ కలిపి చుట్టి సంచిలో తోసి లేచాడు.

"ఒక్కసారి గుర్తు తెచ్చుకోవోయ్" అని పొద్దున్న తను అన్న మాట తనకే వినిపించి మొహం వేడెక్కింది. అన్నం ముద్ద నోట్లోకి పోలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పొచ్చు. కాని తను వెళ్ళేసరికి అయిదున్నర. అయిదింటికి వాళ్ళు ఇల్లు చూడ్డానికి వెళ్ళిపోతారు. గుండీల ఫోను తీసి కోడలికి చేశాడు.

"కత్తెర నా దగ్గరుందమ్మా. నేనే తీశాను. మూత పెట్టలేదు. మీ అత్తయ్య పాపం నిజమే చెప్పింది."

అవతల కోడలు నవ్వింది. నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేక నవ్వింది. "మీరా మామయ్యా?" అంది. ఆయన కూడా కాస్త నవ్వాడు. తన నీలం మూత ఒకటి తీసి కత్తెర మేకుకి తగిలించమని, పద్ధతి పద్ధతే అని చెప్పాడు. కోడలు ఫోను పట్టుకునే వంటింట్లోకి నడిచి ఈ సంగతంతా అత్తగారికి చెప్పడం వినిపించింది. గిన్నెల చప్పుడు ఆగింది. ఇంకో చప్పుడేదో అయింది. అది ప్లాస్టిక్ మూత చెక్కకి తగిలిన చప్పుడని ఆయన పోల్చుకున్నాడు.

"అత్తయ్యే తగిలించారు మామయ్యా" అంది కోడలు. "అది తియ్యడం మాత్రం ఇంకెవరూ తియ్యకూడదట. మీరే వచ్చి, అందరి ముందూ తియ్యాలట."

"తీస్తానని చెప్పు."

"చెప్తాను. ఇల్లు సంగతి తర్వాత చూసుకుందాం లెండి. ముందు మీరు కత్తెర పట్టుకుని రండి, పిల్ల చార్టు మళ్ళీ చెయ్యాలి."

ఫోను పెట్టేశాక ఆయనకి ఆకలేసింది. క్యారియర్ మూడు గిన్నెలూ ఖాళీ చేశాడు. అలిగిన రోజైనా ఆవిడ ఏదీ తక్కువ పెట్టలేదు. తర్వాత కత్తెరని చేతిలోకి తీసుకుని, దాని అంచులు సన్న ఆకురాయి మీద నెమ్మదిగా నూరాడు. మధ్యలో మర దగ్గర ఒక్క చుక్క నూనె వేశాడు. కాగితం ముక్క తీసి కోసి చూశాడు. వెన్నలా తెగింది. దాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఈసారి మర్చిపోకుండా సంచిలో అన్నిటికన్నా పైన పెట్టాడు. భుజం మళ్ళీ లాగింది. స్టూలు కిటికీ దగ్గరకి జరుపుకుని గోడకి ఆనుకున్నాడు.

నాలుగున్నరకి గంట కొట్టారు. మెకానిక్కులు చేతులు తుడుచుకుంటూ కిటికీ దగ్గర వరస కట్టారు. ముందున్న పొడుగువాడు పానా కిటికీలో పెట్టి, తన బిళ్ళ కోసం చెయ్యి చాచాడు. లోపల ఆయన గోడకి ఆనుకుని, తల కొంచెం వాల్చి, పెదవులు కాస్త తెరిచి ఏదో చెప్పబోయే వాడిలా కూర్చునున్నాడు. కునుకు పట్టిందనుకుని పొడుగువాడు చెయ్యి అలాగే చాపి కాసేపు ఆగాడు. వెనకవాళ్ళు కూడా తొందరపెట్టలేదు. తర్వాత, "మామా" అని పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు.

సంచి ఇంటికి తెచ్చిచ్చింది కూడా అతనే. దాని మూతి విప్పే ధైర్యం వారం దాకా ఎవరికీ రాలేదు. చూద్దామనుకున్న ఇల్లు వేరే ఎవరో తీసుకున్నారని కొడుక్కి ఎవరో చెప్పారు. అతను సరేనని ఊరుకున్నాడు. ఆ మాట మళ్ళీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

పిల్లలు మళ్ళీ బడికి వెళ్ళాల్సిన రోజు పొద్దున్న కోడలు సంచి తీసింది. గుడ్డ మడత విప్పింది. కత్తెర కొత్తదానిలా మెరుస్తోంది. దాన్ని పట్టుకుని చెక్క దగ్గరకి వెళ్ళి, మేకుకున్న నీలం మూత మీద చెయ్యి వేసింది.

"అది తియ్యకమ్మా" అంది వెనకనుంచి అత్తగారు. "ఆయన తియ్యాలి."

కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్ళు తుడుచుకుని, చెక్క కింది గూట్లో నూనెడబ్బా ఖాళీగా ఉంటే కత్తెరని అందులో నిలబెట్టింది. అత్తగారు పోపుల డబ్బా వెనక తడిమి, జిడ్డు పట్టిన ఎర్రమూతలు మూడూ బయటికి తీసి, కొంగుతో తుడిచి, తన జేబులో వేసుకుంది, తలుపు వెనక ఆయన తన కోసం కుట్టిన జేబులో.

ఇప్పుడు కత్తెర చోటు ఆ డబ్బానే. కావలసినవాళ్ళు తీసుకుంటారు, పని కాగానే పెట్టేస్తారు. తీసినప్పుడు మాత్రం మూత తగిలించేది పాత మేకుకే. పొద్దున్నే పాలపాకెట్టు కోసేటప్పుడు ఎరుపు, పిల్లల చార్టులప్పుడు పసుపు, ఒక్కోసారి తెలుపు. అవి వస్తాయి, పోతాయి. వాటి వెనక, ఖాళీగా ఉన్న కత్తెర ఆకారం మీద, నీలం మూత వేలాడుతూ ఉంటుంది.