ప్రెస్సోళ్ల సైగ

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో వెళ్తున్నంతసేపూ అక్బర్ ఒకే అబద్ధాన్ని తిరగేసి బోర్లేసి చూసుకున్నాడు. 'వచ్చే ఆదివారం నుంచి మిల్లులో డ్యూటీ వేసినారప్పా, ఇంక నేను రాలేను.' ఇంత చిన్న మాట. పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో ఇరవై రెండేళ్లుగా ఫిట్టరు పని చేస్తున్నాడు, మొండికేసిన యంత్రాలను ఎన్నింటినో దారికి తెచ్చాడు. ఈ ఒక్క మాట మాత్రం నోట్లో సరిగా కూర్చోవడం లేదు.

అసలు సంగతి చెవులు. మిల్లు హోరు వాటిని ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తినేసింది. ముందు కుక్కర్ విజిల్ పోయింది, తర్వాత ఫోన్ మోత పోయింది, ఇప్పుడు మనుషుల మాటలే పోతున్నాయి. నోళ్లు కదులుతుంటాయి, అక్బర్ తల ఊపుతుంటాడు. ఇంట్లో భార్య జొహరాబీ, మొగుడికి ఈ వయసులో పొగరెక్కిందని అనుకుంటోంది. అనుకోనీ, చెవిటివాడు అనడం కంటే అదే నయం అని అతని లెక్క. మగవాళ్ల లెక్కలు ఇట్లాగే ఉంటాయి.

అతనికి మిగిలిన ఒకే ఒక్క సరదా ఎమ్మిగనూరులో నరసింహ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం. దాన్నే ఇవాళ వదులుకుందామని బయల్దేరాడు.

నరసింహ, అతనూ ఐటీఐలో ఒకే బెంచీ. ఇప్పుడు మోటార్లకు వైండింగ్ చేసే షాపు పెట్టుకున్నాడు. ఆ బెంచీలోనే మూడోవాడు వీరేష్, ఆర్టీసీ కండక్టరు, ఆదివారం సెలవు కోసం తోటి కండక్టర్లందరినీ బతిమాలుకుంటూ ఉంటాడు. నాలుగో మనిషి నరసింహ భార్య మహాదేవి, హైస్కూల్లో సైన్సు టీచరు. పిల్లలకు పనికొస్తుందని ఆమె ఒక ఆట తెప్పించింది. పెద్ద అట్ట మీద సముద్రం, అందులో ఒక జలాంతర్గామి, పైన తిరిగే శత్రు నావలు. మొదటి ఆదివారమే ఈ మగవాళ్లు దాని మీద పడ్డారు. పిల్లలకు ఆ డబ్బా కంటికి కూడా కనిపించలేదు.

ఆటలో అందరూ ఒకే పక్షం. మునిగితే నలుగురూ మునగాలి, తేలితే నలుగురూ తేలాలి. శత్రువు ఆడే ఆట చీట్ల కట్టలో ఉంటుంది. మహాదేవి కెప్టెను. వీరేష్ చేతిలో చుక్కాని, లోతు చూపే ముల్లు. నరసింహ ఇంజను చూసుకుంటూ, శత్రువు చీటీ తీసి పైకి చదువుతాడు. అక్బర్ పని వినడం. చదివింది విని, తన ముందున్న పారదర్శక కాగితం మీద శత్రువు ఎక్కడ ఉన్నాడో గీయాలి. నిబంధన ఏమిటంటే చీటీ ఒక్కసారే చదవాలి. 'ఏమన్నావు' అని మళ్లీ అడగకూడదు.

ఇంగ్లీషు పుస్తకంలో ఓడ ఎడమ పక్కకు, కుడి పక్కకు ఏవో పేర్లున్నాయి. "మా ఆస్పరి ఊరి ఎద్దులకు కూడా అర్థమయ్యే మాట సెప్పమ్మా," అన్నాడు వీరేష్ మొదటి రోజే. అప్పటినుంచీ కాడికి కట్టిన ఎద్దుల లెక్కనే ఎడమ దాపట, కుడి ఎలపట. మహాసముద్రంలో ఆ జలాంతర్గామి సేద్యపు బండిలాగానే తిరుగుతోంది.

అక్బర్ ఇప్పుడు చెవులతో ఆడటం లేదు, నరసింహ పెదాలు చూసి ఆడుతున్నాడు. మొదట్లో అదీ కుదిరేది కాదు. నరసింహకు ఇరవై ఏళ్లుగా నూనె రాసి పెంచిన మీసం ఉండేది, దాని కింద పై పెదవి ఉందో లేదో ఎవరికీ తెలియదు. రెండు నెలల కింద ఒక ఆదివారం వచ్చి చూస్తే ఆ మీసం లేదు! "తెల్లబడతాంది, రంగేసి ఏసి ఇసుగొచ్చింది," అన్నాడు. షాపుకు వచ్చిన ప్రతివాడూ ఎగతాళి చేశాడట, తండ్రి హనుమన్న వారం పాటు కొడుకు ముఖం చూడలేదట. అక్బర్ మాత్రం లోపల అల్లాకు దండం పెట్టుకున్నాడు.

అయినా తప్పులు పోలేదు. ఒకే జలసంధిని దాటలేక ఎనిమిది ఆదివారాలు మునిగారు. అందులో కనీసం ఐదు తన గీతల వల్లేనని అక్బర్‌కు తెలుసు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే కాస్త తేలికగా ఉండేది.

ఆ రోజు కూడా బల్ల కిటికీ దగ్గరే వేసి ఉంది. ఈమధ్య అక్కడే వేస్తున్నారు, వెలుతురు బాగుంటుందని. ఆట అయ్యాక చెబుదాం, చివరి ఆట కదా, ప్రాణం పెట్టి ఆడదాం అనుకున్నాడు అక్బర్. ప్రాణం పెట్టే ఆడాడు. నరసింహ పెదాల మీద నుంచి కన్ను తిప్పలేదు. దాపట రెండు, ఎలపట ఒకటి, మళ్లీ ఎలపట మూడు. గీతలన్నీ సరిగ్గా పడ్డాయి. జలసంధి సగం దాటారు. వీరేష్ తొడ కొట్టాడు.

అప్పుడు వచ్చింది నిశ్శబ్దం చీటీ. పైన శత్రువు చెవి ఒగ్గి వింటున్నాడని అర్థం. మూడు వరసలు అయ్యేదాకా ఎవరూ నోరు తెరవకూడదు, చీటీలు కూడా చదవకుండా చూపించాలి. ఈ చీటీ వచ్చినప్పుడల్లా వీళ్ల పని గోవిందా. నలుగురూ గాల్లో చేతులు తిప్పడం, ఒకరిది ఒకరికి అర్థం కాక పక్కున నవ్వడం, మునగడం.

నరసింహ చీటీ చూపించాడు. అక్బర్ గీత గీసి చూసుకున్నాడు. శత్రు నావ సరిగ్గా రెండు గడుల ముందుంది. ఇప్పుడు ఇంజను ఆపాలి. ఆపి, కదలకుండా ఉంటే వాడు తలమీదుగా దాటిపోతాడు.

మిల్లులో యంత్రాలు తిరుగుతుంటే మాటలు పనిచేయవు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అక్బర్‌కు ఆలోచన కూడా రాలేదు, ఇరవై రెండేళ్ల అలవాటు చెయ్యి లేపింది. కుడి పిడికిలిని ఎడమ అరచేతిలో గుద్దాడు. జిన్నింగ్ హాలులో దానికి ఒకటే అర్థం: మిషను ఆపు.

మహాదేవి ఠక్కున తల ఊపింది. తనూ పిడికిలిని అరచేతిలో గుద్ది వీరేష్‌కు చూపించింది. వీరేష్ ఒక్క క్షణం తటపటాయించలేదు. లోతు చూపే ముల్లును పట్టుకుని అడుగుకంటా దించేశాడు. నరసింహ ఇంజను బిళ్ల ముందుకు తోశాడు. జలాంతర్గామి పోయి సముద్రం అడుగున రాళ్లకు కొట్టుకుంది. అయిపోయింది. తొమ్మిదో ఆదివారం.

"అదేందప్పా," అన్నాడు వీరేష్ బిక్కమొహం వేసి, "కిందికి నొక్కమంటివి కదా!"

అక్బర్ అతన్నే చూస్తూ ఉండిపోయాడు. ఓడిపోయినందుకు కాదు. పిడికిలితో అరచేతిలో గుద్దితే 'కిందికి నొక్కు' అనుకునే మనుషులు ఈ భూమ్మీద ఒక్కచోటే ఉన్నారు. తన మిల్లులోనే, గోడకు అవతల, దూదిని నొక్కి బేళ్లు కట్టే ప్రెస్సు దగ్గర. జిన్నింగ్ వాళ్లకూ ప్రెస్సు వాళ్లకూ ఈ సైగ దగ్గర మొదటినుంచీ తగువే.

"అది ప్రెస్సోళ్ల సైగ," అన్నాడు. "మీకు ఎవురు నేర్పినారు?"

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వీరేష్ కుర్చీని అక్బర్ ముందుకు జరుపుకుని, ఎదురుగా కూర్చుని, నిదానంగా పెదాలు కదిలేలా చెప్పాడు. "మీ మిల్లులో ఈరప్ప ల్యాడా? దినామూ నా బస్సెక్కుతాడు. రెండు నెల్లుగా ఆయప్ప పక్కన నిలబడుకోని నేర్చుకుంటాండా. నేను ఈళ్లకు నేర్పిస్తాండా. ఆయప్ప ప్రెస్సుకాడ పని సేస్తాడని తెలుసుగానీ, మీకో సైగ వాళ్లకో సైగ ఉంటాదని నాకేం తెలుసప్పా!"

"ఎందుకు నేర్చుకున్నారు?" అని అక్బర్ అడిగాడు. జవాబు తెలిసే అడిగాడు.

"అన్నా," అంది మహాదేవి, "మూన్నెల్ల కింద నేను 'జొహరాబీ ఎట్లుంది' అంటే నువ్వేమన్నావో తెల్సా? 'బస్సు అర్ధగంట లేటుగా వచ్చింది, టైరు పంచరు' అంటివి."

వీరేష్ నవ్వు ఆపుకోలేకపోయాడు. నరసింహ అతని డొక్కలో పొడిచాడు. అక్బర్ కూడా నవ్వాడు.

"నువ్వే సెప్తావని సూస్తాంటిమి," అంది మహాదేవి. "నీకు ఇష్టంల్యాక దాస్తాంటే మేము అడిగేదెట్ల? అందుకే బల్ల కిటికీ కాడికి జరిపితిమి. నీకు మా మొగాలు బాగా కనపడాలని." మొగుడి వైపు గడ్డంతో చూపించింది. "ఈయప్ప మీసం తీసింది రంగుకు ఇసుగొచ్చి అనుకుంటివా? పెదాలు కనపడాలని తీసేసినాడు. నేను వద్దంటి. నేను ఆ మీసాన్ని సూసే పెండ్లికి ఒప్పుకుంటి!"

నరసింహ సిగ్గుపడిపోయి చీట్ల కట్టను కలపడం మొదలుపెట్టాడు. కలిపిన కట్టనే మళ్లీ కలిపాడు.

అక్బర్ తన గీతల కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎనిమిది ఆదివారాలు తను వీళ్లను మోసం చేస్తున్నాననుకున్నాడు. ఆ ఎనిమిది ఆదివారాలూ వీళ్లు తనను మోస్తున్నారు. తప్పు గీతలని తెలిసి కూడా ఆ గీతల మీదే పడవ నడిపారు, మునిగారు, మళ్లీ వచ్చారు. జన్మంతా తీర్చినా తీరని రుణం ఇది అనిపించింది. ఆ మాట ఎట్లా చెప్పాలో తెలియలేదు. బస్సులో తెచ్చుకున్న అబద్ధం ఎప్పుడో జారిపోయింది.

చేతులతో చెబుదామనుకుంటే, మిల్లులో కృతజ్ఞతకు సైగ లేదు. ఆపు, తిప్పు, నిప్పు, మేస్త్రీ వస్తున్నాడు, అంతవరకే. అయితే ఒక పద్ధతి ఉంది. రోలర్ల కిందికి పోబోయే చేతిని ఎవరైనా పట్టి లాగితే, లాగినవాడికి బొటనవేలు పెదవి దగ్గర పెట్టి చూపిస్తారు. నీకు చాయ్ బాకీ అని. ఆ చాయ్‌లో అన్నీ ఉంటాయి.

అక్బర్ బొటనవేలు పెదవికి ఆనించి వీరేష్‌కు చూపించాడు. నరసింహకు చూపించాడు. మహాదేవికీ చూపించాడు.

"ఇది మాత్రం నాకు వస్తాది," అని మహాదేవి గబుక్కున లేచి, టీ పెట్టడానికి లోపలికి పోయింది.

అక్బర్ కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వాడు. ఈ ఈరప్ప ఒక్కటీ పూర్తిగా నేర్పలేదు, దీన్నీ చాయ్ వరకే నేర్పాడు. సరే, టీ కూడా అవసరమే. ఇవాళ ఇంటికి పోయి జొహరాబీకి నిజం చెప్పాలి, ఆమెకూ మొదట ఈ సైగే నేర్పాలి అనుకున్నాడు.

టీ వచ్చేలోగా జలాంతర్గామిని రాళ్ల మీద నుంచి తీసి రేవులో పెట్టాడు. నిశ్శబ్దం చీటీని కట్టలోంచి వెతికి తీసి, బల్ల మధ్యలో అందరికీ కనిపించేలా పెట్టాడు. ఇక మొదటినుంచీ అట్లాగే ఆడదామని. ఆ తర్వాత నరసింహ వైపు తిరిగాడు.

"ఒరే నరసింహా."

"ఏమిరా?"

"వచ్చే ఆదివారానికి మా జిన్నింగు సైగలు సరిగ్గా నేర్పిస్తా," అన్నాడు అక్బర్. "నువ్వు మీసం పెంచుకోరా."