బైబిల్లో లేని పుట

సాయంత్రం అయిదింటికి, అంటే ఇంక రెండు గంటలు కూడా లేవు, లూమిస్ గారు టౌన్‌హాలు తలుపు వేస్తే వేసినట్టే, ఆకాశం విరిగి మీద పడ్డా మళ్లీ తియ్యరు, స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన సిపాయిల రాతిమీద కొత్త పేర్లు చెక్కించే కమిటీకి ఆయనే పెద్ద, ఇవాళ దాటితే అసాహెల్ స్ప్రేగ్ పేరు ఇంకో యాభై ఏళ్లదాకా ఎక్కదు, అప్పటికి గ్లెండా ఎక్కడ, మేనత్త వెర్నాకైతే ఇప్పటికే తొంభైఒకటి, పాపం ఆవిడ బతుకంతా ఒక్క మాట మోసింది, పాత పటాలం జాబితాలో ఆ అసాహెల్ తాత పేరు పక్కన రాసిన మాట, పారిపోయాడు, అంతే, ఒక్క మాట, రెండు వందల యాభై ఏళ్లు ఊరి నోట్లో నానింది, మే నెలాఖరు ఊరేగింపులో సిపాయిల మనవలంతా జెండాలు పట్టుకుని నడుస్తుంటే స్ప్రేగుల ఇంటివాళ్లు పక్కన నిలబడి చూడ్డమే, పోయినేడు ఆ హెర్బ్ చాఫీ, రాతిమీద ముగ్గురు తాతలున్నారని వాడికి కళ్లు నెత్తికెక్కాయి, నువ్వూ నడవచ్చు గ్లెండా, కాకపోతే మీవాళ్లు వెనక్కి నడవాలి కదా అన్నాడు, అందరూ నవ్వారు, సిగ్గులేక తనూ నవ్వింది, ఇంటికొచ్చి ఏడ్చింది, నీకెందుకే ఈ వెతుకులాట, కడుపు చించుకుంటే కాళ్లమీదే పడుతుంది అంది అత్త, మన ఇంటి బైబిల్లో ఆ పుట ఎవరో ఊరికే చింపారా, తాత సిగ్గుమాలిన పని చేశాడని పెళ్లీ పేర్లూ రాసిన పుట మనవాళ్లే చింపి పొయ్యిలో పెట్టారు, వదిలెయ్యి.

వదల్లేదు, ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి దారి తప్పితే వెనక్కి తిప్పి మళ్లీ వెతుక్కుంటుంది కానీ బండి వదిలేసి పోదు, లైబ్రరీలో ఈ కంప్యూటరు ముందు నాలుగేళ్లుగా కూర్చుంటోంది, ఒళ్లో దిండుగలీబులో చుట్టిన బైబిలు, నాలుగేళ్లూ ఈ కనెటికట్ రాష్ట్రం కాగితాలే, ఎంత తెలివితక్కువదో, పొద్దున్న లైబ్రేరియన్ కొరిన్ టీ తాగుతూ అంది కదా, సిపాయి చేరిన ఊళ్లో వెతుకుతావేమే, అతని ముసలి పెళ్లాం చచ్చిన ఊళ్లో వెతకాలి, యుద్ధం అయ్యాక ఇక్కడి రాళ్ల పొలాలు వదిలేసి సగం ఊరు పై రాష్ట్రం వెర్మాంట్ కొండలెక్కలేదూ, పోయిన సిపాయి పేరున సర్కారుని పెన్షన్ అడిగేది పెళ్లాం, అడిగేది తనున్న చోట, అవును కదా, చెప్పుతో కొట్టుకోవాలి, వెర్మాంట్ అని పెట్టగానే అదిగో, మెహిటబెల్, అసాహెల్ స్ప్రేగ్ భార్య, అరవై రెండు కాగితాలు, ఒక్కొక్కటే తిప్పుతూ పోయింది.

ముప్ఫై ఒకటో కాగితం, 1838, ఎవరో గుమాస్తా గుండ్రటి రాత, కానీ మాట ముసలిదానిదే, నాకు డెబ్బై తొమ్మిది, చదువు రాదు, చెప్పింది రాసుకోండి, మా ఆయన మశూచితో ఇంటికొచ్చి పడ్డాడు, చంటిదానికి అంటకుండా పశువుల కొట్టంలో ఉంచి నేనే చూసుకున్నాను, పారిపోయాడన్నారు, అననీ అనుకున్నాను, చెబితే రోగమని ఇంటికి నిప్పు పెడతారు, నలభై రోజులకి లేచి నిలబడ్డాడు, నిలబడ్డ రోజునే బూట్లు తొడిగి పంపాను, వేరే కెప్టెన్ దగ్గర చేరి యుద్ధం అయ్యేదాకా ఉన్నాడు, పక్కనే నిలబడి పోరాడినవాడు ఇదిగో సాక్ష్యం చెబుతాడు, పెళ్లయిందనడానికి రుజువంటారా, చర్చి కాలిపోయింది, మా బైబిల్లోంచి పుట చింపి ఇస్తున్నాను, కింద సంతకం లేదు, వంకరగా ఒక ఇంటూ గుర్తు.

తర్వాతి కాగితం చూడకుండానే తెలిసింది, అయినా చూసింది, పెళ్లి తేదీ, పుట్టిన పిల్లలు, మూడో పేరు ఎబెన్, గ్లెండా వంశం దిగింది అతని నుంచే, కొరిన్, అని పిలిచింది, కొరిన్ వచ్చి చూసి అసలు కొలతకి అచ్చు తీసింది, బైబిలు విప్పి మిగిలిన అంచు పక్కన పెట్టారు, పైన కొంచెం, మధ్యలో లోతుగా, కింద సూటిగా, ఎక్కడ చిరిగిందో అక్కడే అతికింది, చివర్లో మంజూరు అన్న ముద్ర కూడా ఉంది, కొరిన్ ముక్కు చీదుకుంటూ, పోవే, నాలుగున్నరైంది, నన్ను చూస్తూ కూర్చుంటావేం అంది.

టౌన్‌హాలు ముందరి పచ్చికకి అడ్డంగా నడిచింది, అరవై రెండేళ్ల మోకాళ్లు ఇవాళ నొప్పి మర్చిపోయాయి, లూమిస్ గారు నిలబడే చదివారు, మళ్లీ చదివారు, కళ్లజోడు తీసి, స్ప్రేగ్ అని రాస్తే చివర E అక్షరం వస్తుందా అమ్మా అని అడిగి జాబితాలో రాసుకున్నారు, మెట్లమీద నిలబడి అత్తకి ఫోను, అత్తయ్యా, మనవాళ్లెవరూ కాల్చలేదు, మామ్మే చింపింది, సర్కారుకి పంపింది, తాత తిరిగి యుద్ధానికి వెళ్లాడు, అయితే నా నీలం కోటు ఇస్త్రీకి ఇవ్వాలి, ఊరేగింపుకి, ఆ చాఫీవాణ్ణి కాస్త పక్కకి జరగమను అంది వెర్నా, ఇద్దరూ నవ్వారు, నవ్వుతూనే గ్లెండాకి అనిపించింది, సిగ్గు ఆ ముసలిదానికి ఒక్కరోజూ లేదు, పుట పోయాక దాన్ని కల్పించుకుని మోసింది మనమే, చదువురాని మనిషి తన పిల్లల పేర్లున్న ఒకే ఒక్క పుట చింపి ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో పెట్టి మొగుడి పేరు నిలబెట్టింది, రాతిమీద ఒక్క పేరే పడుతుంది, పడనీ, ఆ ఇంట్లోంచి యుద్ధం చేసినవాళ్లు ఇద్దరు, అరవై ఏళ్ల తర్వాత ఒంటరిగా నిలబడి గెలిచింది మెహిటబెల్.