కోటిలింగము విషపాండిత్యము

శరత్సమయ నిర్మలాకాశమున శ్వేతమేఘఖండములు మందమందముగ విహరింప మంచుబిందువులు పత్రాగ్రములందు తళతళలాడ పల్నాటి నల్లరేగడి భూములందలి ప్రత్తిచేలు పూతయు గూడమొగ్గయు దాల్చి కనులపండువు సేయుచుండెను. అంతటి రమణీయ ప్రభాతమున ముక్కు మూసికొనక నిలువరాని దుర్గంధమొకటి చేలపై వ్యాపించెను. వెలగలేటి కోటిలింగము మందు కలుపుచున్నాడని యెల్లరు నెఱిగిరి.

ఆహా యేమి మహానుభావుడు! క్రిమిసంహారవిద్యాధురంధరుడను బిరుదమును తనకు తానే తగిలించుకొనిన యా పెద్దమనుష్యుడు కంపెంత యధికమో బలమంత యధికమని నమ్మినవాడు. అంగడిలో దొరకు విషములన్నిటిని ఒక్క పీపాలో గ్రుమ్మరించి కఱ్ఱతో గిలకొట్టి కండ్లు మండువఱకు వాసన చూచి మీసము దువ్వుకొనువాడు. ఏటేట పిచికారీలు పెరిగెను గాని కాయతొలుచు పచ్చపురుగు తగ్గదయ్యెను. బలహీనములైనవి చావగా విషమునకు లొంగనివే మిగిలి వాని సంతతి మఱింత మొండిదై పుట్టుచుండెను. తన శత్రువులను తానే యేరి పెంచుచున్నానన్న సంగతి యాతని బుఱ్ఱకెక్కలేదు.

ఆతని భార్య శేషారత్నమునకు పుట్టినింటివారు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన చేనిచెక్క యొకటి యా ప్రక్కనే కలదు. ఆమె వ్యవసాయాధికారి చెప్పిన చొప్పున పురుగులకు రోగము గలిగించు వైరసు ద్రావణమును బెల్లపునీట గలిపి యెండ తగ్గిన పిమ్మట తన చేనిపై చల్లుచుండెను. కోటిలింగము గట్టుపై నిలిచి పకపక నవ్వెను.

"ఏందే, పురుగులకి పానకం పోస్తన్నావా? వడపప్పు కూడా పెట్టకపోయావా!"

"కాస్త మిగిలింది, నీ చేలోనూ చల్లుదాం రావయ్యా. ఇప్పుడైతే పిల్లపురుగులే."

"ఛీ! ఊళ్ళో నా పరువేం గానూ?"

పైరు పోయినను పరువు నిలువవలెనట!

కొన్ని దినములు గడచినను ఆమె చేని పురుగులు చావకుండుట జూచి యా దయాశాలి యాలి యజ్ఞానమునకు జాలిపడి తెల్లవారకమునుపే తన విషమును ఆమె చేనిపైనను చల్లెను. మఱునాడచట పురుగులు నల్లబడి తలక్రిందులుగ వ్రేలాడుచు కుళ్ళిపోవుచుండెను. వైరసు రోగమున జచ్చు పురుగు చందమే యది! కోటిలింగము రైతులను బిలుచుకొనివచ్చి ఱొమ్ము విఱిచికొని నిలిచెను.

"చూడండిరా నా మందు దెబ్బ!"

పొరుగురైతు మస్తానయ్య తల గోకికొనుచు "మరి నీ చేలో ఒక్కటీ చావలేదేం బావా?" అని యడిగెను.

"మోతాదు చాల్లా" అని బదులుచెప్పి కోటిలింగము తన చేనికి రెట్టింపు విషము గొట్టెను. పురుగులను దిను సాలీళ్ళు చచ్చెను. పైరుపేనును దిను అక్షింతల పురుగులు చచ్చెను. పచ్చపురుగు మాత్రము కాయలో దూరి విందారగించుచుండెను. ఆ యేటి తిండిగింజలకు ఆ పైరే యాధారము. కోటిలింగము చేనంతయు కలయదిరిగి చూచెను. సాయంకాలమున భార్య యెదుట తల వంచుకొని నిలిచెను.

"ఆ వైరసు మందేదో నా చేలో కూడా చల్లవే."

"పిల్లపురుగులప్పుడు చల్లాల్సిందయ్యా. ఇప్పుడు వేలంత లావై కాయల్లో దూరినై. ఇంక చేత్తో ఏరుకోవటమే."

ఆమె నవ్వలేదు. నవ్వినను బాగుండునని యాతడు కుమిలిపోయెను.

మఱునాడు ఏనాడును మొక్కకు వంగి యెఱుగని యా నడుము ఊరివారి కన్నులయెదుట వంగెను. కాయ చీల్చి తీసిన పురుగు ప్రతిదియు నాతని వ్రేలిపై తల యెత్తి యొక్కసారి చూచి తాపీగా ప్రాకసాగెను. విషము దిని బ్రదుకుట యాపాటి పురుగు సైతము నేర్చుకొనెను. ఏమియు నేర్వకయే బ్రదుకవచ్చునని కోటిలింగమొక్కడే యనుకొనెను.