ముగింపు ప్రార్థన

"ఇవాళ మనింట్లో ఆడవాళ్ళ కూటంలో ముగింపు ప్రార్థన కాస్త గట్టిగా చెయ్యి. పోయినవారం నీ గొంతు గుమ్మం దగ్గరవాళ్ళకి వినపడలేదంట," అన్నారు మా ఆయన, నేను టీ గ్లాసులు తొలుస్తుంటే.

ఎవరన్నారని అడగలేదు. మా సంఘంలో పాస్టరమ్మ గొంతు గురించి, నవ్వు గురించి, ఆమె కుర్చీల మీది దుమ్ము గురించి ఎవరైనా మాట్లాడొచ్చు. అన్నీ ఆయన చెవిన పడి, అక్కణ్ణుంచి నా వంటింట్లోకి వస్తాయి. పెళ్ళికి ముందు నేను బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని. "సేవకు పిలుపొచ్చాక నీకు వేరే ఉద్యోగమేంటి?" అన్నారు. పిలుపు ఆయనకొచ్చింది. నేను మాత్రం అప్పటినుంచీ కుర్చీలు వేస్తున్నాను, తీస్తున్నాను.

"ఆ మొహమేంటే, అలా వేలాడేసుకున్నావ్? జనం ఆదరణ కోసం మనింటికొస్తారు. నిన్ను చూస్తే ఉన్నది కూడా పోయేట్టుంది," అంది అత్తయ్య బిస్కెట్లు పళ్ళెంలో సర్దుతూ.

వెళ్ళి మొహం కడుక్కున్నాను. కడిగితే పోయేదా అది? ఎప్పుడు మొదలైందో కూడా గుర్తులేదు. పొద్దున కళ్ళు తెరవగానే, అయ్యో తెల్లారిందే అనిపించడం. మోకాళ్ళ మీద కూర్చుంటే మాటలు రాకపోవడం. ఒకసారి ధైర్యం చేసి, నాకేదో అవుతోందండీ అన్నాను ఆయనతో. "పాస్టరు భార్యవి, నువ్వే ఇలా మాట్లాడితే ఎలా? ప్రార్థన చేసుకో," అని లైటు ఆర్పేశారు.

నిన్న నన్ను టైలరమ్మాయి కొట్టుకి పంపింది కూడా ఆయనే. ఆమె భర్తను వదిలేసి, కూతురితో వేరే గదిలో ఉంటోంది. ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి రావద్దని, రొట్టె, ద్రాక్షరసం ముట్టుకోవద్దని ఆమెతో చెప్పిరావాలి. "ఆడదానివి, నువ్వైతే మెత్తగా చెప్తావు," అన్నారు. వట్టి చేతులతో వెళ్ళలేక, కుట్టించుకునే గుడ్డ ఒకటి పట్టుకెళ్ళాను.

ఆమె నా చుట్టూ టేపు తిప్పి, మళ్ళీ తిప్పి, ఆగిపోయింది. "ఇది మీ కొలత కాదమ్మగారూ. మనిషి సగమైపోయారు. అన్నం తింటున్నారా? నిద్రన్నా పడుతోందా?"

అంతే. ఆ రెండు ప్రశ్నలకే నా లోపల ఏదో తెగింది. నోట్లో గుడ్డ కుక్కుకున్నా ఏడుపు ఆగలేదు. బయట బల్ల మీద బేరాలకొచ్చినవాళ్ళున్నారు. ఆమె ఏమైందని అడగలేదు, ప్రార్థన చేసుకోమనలేదు. తలుపుకి అడ్డంగా తెర లాగి, మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. సూది కింద గుడ్డ లేదు. నా ఏడుపు బయటికి వినపడకుండా ఉండాలని, అది తీరేదాకా వట్టి మిషను తొక్కుతూనే ఉంది. తర్వాత మంచినీళ్ళిచ్చి, "ఈ గుడ్డకి తొందరేం లేదు. ఊరికే వచ్చి కూర్చోండి," అంది. చెప్పాల్సిన మాట చెప్పకుండానే ఇంటికొచ్చేశాను.

అందుకే ఆమెకి ఏమీ తెలియదు. ఇవాళ కూటానికి వచ్చి వంటింటి గుమ్మం పక్కన కూర్చుంది, బట్టల మీద ఇంకా దారపు ముక్కలతోనే. పాటలయ్యాయి. అందరం కళ్ళు మూసుకున్నాం. సంఘపెద్ద భార్యని మేమంతా పెద్దమ్మగారు అంటాం. ఆవిడ మొదలుపెట్టింది.

"ప్రభువా, మా మధ్యలో ఉన్న ఒక సోదరిని జ్ఞాపకం చేసుకో తండ్రీ. పేరు చెప్పం, నీకు తెలుసు. కట్టుకున్నవాణ్ణి వదిలేసింది తండ్రీ. సాయంత్రాలు ఎవరి స్కూటరు మీద దిగుతోందో అదీ నీకు తెలుసు. నీలం స్కూటరు, ప్రభువా."

"స్తోత్రం, స్తోత్రం," అన్నారందరూ.

"ఆ స్కూటరతన్ని కూడా దర్శించు తండ్రీ," అందుకుంది ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ. "అతనికి పెళ్ళయిందో లేదో మాకు తెలీదు. తెలియజెయ్యి ప్రభువా!"

నేను కళ్ళు తెరిచాను. టైలరమ్మాయి కళ్ళు మూసుకునే ఉంది. ఒళ్ళో చేతులు రెండూ ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయి. ఆ స్కూటరెవరిదో నేనడగలేదు. ఇప్పటికీ నాకు తెలియదు.

"పాస్టరమ్మా, ముగించండి," అంది పెద్దమ్మగారు.

ప్రార్థనలో ఉన్న మనిషిని మా దగ్గర ఎవరూ ఆపరు. ఆమెన్ అనేదాకా కళ్ళు కూడా తెరవరు. ఆ సంగతి అప్పుడే కొత్తగా తెలిసినట్టనిపించింది. గొంతు పెంచాను, ఆయన కోరినట్టే.

"ప్రభువా, మా మధ్యలో ఇంకో సోదరి ఉంది. జ్ఞాపకం చేసుకో తండ్రీ. పాస్టరుగారి భార్య."

అలవాటు కొద్దీ ఎవరో స్తోత్రమన్నారు.

"ఆమె ప్రార్థన చేసి చాలా నెలలైంది తండ్రీ. మోకాళ్ళ మీద కూర్చుని రేపేం వండాలా అనుకుంటుంది. పడుకునేటప్పుడు, రేపు నాకు తెల్లారకుండా ఉంటే బాగుండుననుకుంటుంది. రోజూ అనుకుంటుంది ప్రభువా. మొహం బాగోలేదన్నారు, గొంతు చాలదన్నారు. నిద్ర పడుతోందా అని ఒక్కరే అడిగారు. ఆ నీలం స్కూటరు మీద దిగే అమ్మాయి అడిగింది. ఆ అమ్మాయిని బల్ల దగ్గరికి రావద్దని ఈ నోటితో చెప్పమన్నారు. నేను చెప్పను తండ్రీ. ఆమెకి లేని రొట్టె నాకూ వద్దు."

పక్కగది తలుపు కిర్రుమంది. ఆయన గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నారు. అత్తయ్య నా మోచేతిని గిల్లింది. ఇది ముగిశాక ఈ ఇంట్లో నాకేం జరుగుతుందో తెలియదు. అయినా ఆగలేదు.

"ఇక్కడున్న మిగతావాళ్ళ కష్టాలు కూడా నాకు తెలుసు ప్రభువా. నా వంటింట్లో నిలబడి, ఒక్కొక్కరూ కళ్ళు తుడుచుకుంటూ చెప్పారు. అవి ప్రార్థనలో చెప్పను. ఎప్పటికీ చెప్పను."

ఇక మిగిలింది ఒక్క మాటే. అది అంటే కళ్ళన్నీ తెరుచుకుంటాయి. నోరు తెరిచాను.

అప్పుడు నా ఎదురు కుర్చీలోంచి, ఇంతవరకూ నేనెన్నడూ వినని సన్నటి గొంతుతో, పెద్దమ్మగారు అంది.

"అప్పుడే ఆమెన్ అనకు తల్లీ. కాసేపాగు. నేనూ ఒకటి చెప్పుకోవాలి."

గుమ్మంలో ఆయన ఆమెన్ కోసం చూస్తున్నారు.

"అననులెండి పెద్దమ్మగారూ, చెప్పుకోండి," అన్నాను.